అడగనివాళ్ళకు మార్కుల్లేవు

ముందుగా ఇది రాయి అమ్మీ: నాకు ఆ ఆట రాదు. ఏడేళ్ళు ఆ ఆట మీద జీతం తీసుకున్నాను, ఒక్కరోజు కూడా ఆడలేదు. ఇది చివర్లో ఒప్పుకోవాల్సిన సంగతి అనుకుంటారేమో, కాదు. జరిగినదానికి సగం కారణం ఇదే, అందుకే మొదట్లోనే చెప్పేస్తున్నాను.

తెలుగు విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు చదువుకోవడానికి పాతవాళ్ళం ఒక్కొక్కరం ఒక అనుభవం కంపెనీ సైట్లో పెట్టడానికి రాసివ్వాలట. నాకు వేళ్ళు సాగవు, పది నిమిషాలు స్క్రీను చూస్తే కళ్ళు నీళ్ళు కారతాయి. అందుకని నేను చెబుతున్నాను, మనవరాలు టైపు కొడుతోంది. "జేజీ, కొంచెం నిదానంగా జెప్పు. నువ్వు ఊపిరి తీసుకునే కాడ నేను చుక్క పెడతా" అంటోంది. పెట్టుకో తల్లీ. ఈ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా ఒక పనిలాగే ఉంది.

ఈ కంపెనీకి రాకముందు నేను కర్నూల్లో ఒక పత్రికలో ఇరవై రెండేళ్ళు ప్రూఫ్ రీడర్ని. అచ్చుకు పోయే ముందు తప్పులు ఏరే మనిషిని. తొంభై తొమ్మిది తప్పులు ఏరితే ఎవరికీ తెలియదు. మిగిలిన ఒక్కదాన్ని పట్టుకుని తెల్లారేసరికి ఫోన్లు చేస్తారు. పత్రికలో ఆ ప్రూఫ్ విభాగం ఎత్తేసి మమ్మల్ని ఇళ్ళకు పంపించాక, యాభై మూడేళ్ళ వయసులో, కొత్త బస్టాండు వెనక మందుల షాపు మేడ మీది రెండు గదుల ఆఫీసులో చేరాను. తెలుగు తప్పుల్లేకుండా చదవగలిగే మనిషి కావాలన్నారు. నాకు వచ్చిందదొక్కటే.

ఆట గురించి నాకు తెలిసింది ఇంతే. ఫోనులో నీకొక ఎండిపోయిన ఊరిస్తారు. చెరువు తవ్వుకోవాలి, పంట పెట్టుకోవాలి, పండిన గింజలు గాదెల్లో దాచుకోవాలి, పశువుల్ని కాపాడుకోవాలి. నెలల తరబడి ఆడితేగాని ఊరు ఊరులా తయారవదు. అదేం సరదానో! మన పల్లెల్లో వద్దని పారిపోయి వచ్చిన కష్టాన్ని మళ్ళీ ఫోనులో పడడమేంటని నేను నవ్వేదాన్ని. కానీ జనం లక్షణంగా ఆడేవాళ్ళు. వాళ్ళలో కొందరు, ఏ పని ఎలా చేయాలో మెట్టు మెట్టుగా మిగతావాళ్ళ కోసం తెలుగులో రాసేవాళ్ళు. అలా రాసినవాటిని కంపెనీ తన సైట్లో పెట్టి, రాసినవాళ్ళకు డబ్బులిచ్చేది. ఎవరు ఏం రాసినా ముందు నా దగ్గరికి వచ్చేది. నేను చూసి బటను నొక్కితేనే పైకి పోయేది. మీకు ఇప్పటికీ ఆ పద్ధతే కదా.

డబ్బులెలా ఇచ్చేవాళ్ళో చెప్పాలి, అదే అసలు కథ. మార్కులు వేసేవాళ్ళు. ఒక మనిషి చదివితే ఒక మార్కు. కింద ఎవరైనా ప్రశ్న వేస్తే ఐదు. ఆ ప్రశ్నకు రాసినవాళ్ళు జవాబిస్తే ఇంకో ఐదు. నెలాఖరుకు మార్కులన్నీ కూడి, రూపాయలుగా మార్చి ఇచ్చేవాళ్ళు. వినడానికి బాగానే ఉంది కదా? నాకూ బాగానే అనిపించింది.

అప్పట్లో అందరికంటే ఎక్కువ తీసుకునేవాడు ఒక కడప కుర్రాడు. గలగలా మాట్లాడతాడు, అంతే గలగలా రాస్తాడు. వాడి రాతలో ఎప్పుడూ ఏదో ఒక మెట్టు తప్పిపోయి ఉండేది. నా చెయ్యి ఊరుకుంటుందా? ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆ ఆఫీసులో ఆట ఆడే పిల్లల్ని అడిగి, తప్పిపోయిన మెట్టు పూరించి, బటను నొక్కేదాన్ని. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. రెండో నెలలో వాడే ఫోన్ చేశాడు.

"ఏం పెద్దమ్మా, నా నోటి కాడి కూడు లాగేస్తాండావే!"

"నేనేం చేసినానప్పా?"

"నేను మూడు మెట్లు రాస్తే నువ్వు నాలుగు చేస్తివి. ఆ నాలుగోది జనం అడగాల, నేను జెప్పాల. అదే గదా నా దుడ్డు! నువ్వు ముందే జెప్పేస్తే ఇంగ నన్నెవడు అడుగుతాడు?"

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మరుసటి రోజు మేనేజరు పిలిచాడు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళకు జనం సైట్లో ఎంతసేపు ఉంటే అంత లాభం, ఆ మాట ఈయన మాకు చెప్పేవాడు, అంతే.

"పెద్దమ్మా, మీరు అక్షరాలు చూడండి సాలు. బొక్కలు పూడ్చద్దండి."

"సరే సార్. మరి ఆ పత్తికొండ పిల్ల అన్ని మెట్లూ పూర్తిగా రాస్తాంది. ఆ పిల్లకు ఏంటికి తక్కువ వస్తాంది?"

"ఆమె కింద ఎవురూ ఏమీ అడగరు గదా."

"అడగాల్సిన పని లేకుండా రాసింది కాబట్టే గదా సార్!"

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. "నిజమే పెద్దమ్మా. కానీ అడగనోళ్ళను నేనెట్ల లెక్కబెట్టల్ల, మీరే జెప్పండి. అడిగినోడు కనపడతాడు. అర్థమై లేచిపోయినోడు యాడ కనపడతాడు?"

లేచి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

ఆ పత్తికొండ పిల్ల గురించి చెప్పాలి. పిల్ల అంటున్నాను గానీ అప్పటికే ముప్పై ఏళ్ళు. టమోటా మండీలో చీటీలు రాసేది. వేలం పాట నడుస్తుంటే పక్కనే నిలబడి, ఎవరి గంపలు, ఎన్ని, ఏ రేటుకు పోయాయో రాసివ్వాలి. రేటు పడిపోయిన రోజు రైతులు వ్యాపారిని ఏమీ అనలేక, చీటీ చేతికిచ్చిన ఈమెనే తిట్టి పోయేవాళ్ళట. పంట లేని నెలల్లో ఆ పని కూడా ఉండదు. చీటీ రాసి రాసి వచ్చిన అలవాటో ఏమో, ఏ మాటా వదిలేది కాదు, ఏ మాటా ఎక్కువ వాడేది కాదు. ఆమె రాసింది నా దగ్గరికొస్తే ఎర్రపెన్ను తీసే పనే ఉండేది కాదు. ఒకసారి ఫోన్ చేసి "నువ్వు శానా బాగ రాస్తాండావు పాపా" అన్నాను. "ఈ మాట నాకు ఎవురూ జెప్పలే పెద్దమ్మా" అంది. అప్పటి నుంచి కర్నూలుకు పనిమీద వచ్చినప్పుడల్లా ఒక సంచిలో టమోటాలు తెచ్చి నా బల్ల కింద పెట్టిపోయేది.

అలా ఉండగా కంపెనీ ఒక కబురు పెట్టింది. తెలుగు విభాగంలో ఒక నెలజీతం ఉద్యోగం ఉంది. ఆ నెలాఖరు సాయంత్రం ఆరు గంటలకు మార్కుల లిస్టులో ఎవరు మొదట ఉంటే వాళ్ళకే. కడప కుర్రాడు మొదట ఉన్నాడు. ఆమె రెండో చోట ఉంది. ప్రశ్నలు రాకపోయినా, చదివేవాళ్ళు ఎక్కువ కాబట్టి అంతదూరం వచ్చింది.

నెలాఖరుకు ఐదురోజులుందనగా ఆఫీసుకు వచ్చింది. టీ తెప్పించాను.

"జీతమొస్తే ఈడ ఒక గది తీసుకుంటా పెద్దమ్మా. మా పాపను ఈడనే బడిలో ఏస్తా. కూసోని పనిచేసే పని నేను ఇంతవరకు చేసిందే లేదు" అని నవ్వింది. ఇంక ఎన్ని మార్కులు తక్కువున్నాయో వేళ్ళ మీద లెక్కబెట్టి, నవ్వు ఆపేసింది.

అప్పుడు నేనన్నాను. రాయి అమ్మీ, ఈ మాట అన్నది నేనే.

"పాపా, ఒక్క మెట్టు వదిలెయ్యి."

"ఏందీ?"

"ఒక్కటే. జనం అడుగుతారు, నువ్వు జెప్పు. ఎవురికి నష్టం?"

అప్పుడామె చెరువు పెద్దది చేసుకోవడం ఎలాగో రాస్తోంది. ఆ ఆటలో చెరువు పెద్దది కావాలంటే పాతకట్ట తెంచి, కొత్తది కట్టాలట. తెంచే ముందు గింజల గాదెలను మెరక మీదికి ఎక్కించుకోవాలట.

"అదొక్కటే వదలగలిగేది" అంది. "కానీ గాదెలు ఎక్కించకుండా కట్ట తెంచితే గింజలన్నీ నీళ్ళకు కొట్టుకపోతాయి పెద్దమ్మా. అవి మల్ల రావు."

"నీళ్ళొచ్చేదాకా ఎవురన్నా కూసుంటారా? అనుమానమొస్తే ముందే అడుగుతారు. ఆ కడపోని కింద సూడు, అందరూ అడిగినాకే చేస్తాండారు."

టీ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు జెప్తాండావు కాబట్టి..." అని లేచింది.

ఆట ఆడని మనిషిని కాబట్టి నాకు తెలియలేదు. కడప కుర్రాడు రాసింది చదివేవాళ్ళు వాణ్ణి నమ్మి చదవరు. ఎక్కడో బొక్క ఉంటుందని వాళ్ళకు తెలుసు, ముందు కింద ప్రశ్నలూ జవాబులూ చదువుకుని, తర్వాతే చెయ్యి పెడతారు. ఈమెను చదివేవాళ్ళు అలా కాదు. ఈమె రాస్తే అడగాల్సిన పనే లేదని వాళ్ళకు ఏళ్ళ అలవాటు. చదువుతూ చదువుతూనే చేసుకుంటూ పోతారు.

మరుసటి రోజు అది నా దగ్గరికి వచ్చింది. బటను నొక్కాను. సాయంత్రానికి ప్రశ్నలు మొదలయ్యాయి. మూడోరోజుకు ఆమె లిస్టులో మొదటికొచ్చింది. నా కూతురు పరీక్ష పాసైనట్టు సంబరపడ్డాను. ఆ ప్రశ్నలేమిటో చదవలేదు. ఇరవై రెండేళ్ళు అక్షరం అక్షరం చదివిన మనిషిని, ఆ మూడురోజులు అంకెలు మాత్రం చూశాను. చదివుంటే తెలిసేది. "తర్వాత ఏం చేయాల" అని ఎవరూ అడగలేదు. "అక్కా, నా గింజలు పోయినాయి, ఎట్ల తెచ్చుకోవాల" అని అడిగారు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం, నాలుగు కావస్తుండగా ఆమె ఫోన్ చేసింది. వెనక మండీ గోల, వేలం పాట పాడేవాళ్ళ అరుపులు.

"పెద్దమ్మా, కమలాపురం ఆయన రాసింది సూసినావా?"

చూశాను. ఆమె రాసిందాని కింద అందరికంటే చివర ఉంది. నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది.

"అమ్మా, నేను కమలాపురం నుంచి. బోరు మోటరు ఎత్తుతా జారిపడి తుంటి విరిగింది. ఎనిమిది నెలలుగా మంచంలోనే ఉండా. ఈ ఊరొక్కటే నేను నడుపుకుంటాండేది. నా గింజలన్నీ పోయినాయి. నీ తప్పేం లేదులే. నువ్వు రాసింది మల్ల మూడుసార్లు చదివినా, నేను యాడ తప్పు చేసినానో దొరకలే. యాడ చేసినానో జెప్పమ్మా, ఇంగోసారి చేయను."

"సరిదిద్ది పంపతాండా పెద్దమ్మా" అందామె. "గాదెల సంగతి మొదటనే పెట్టినా. రాంగానే నొక్కేయి."

మన సైట్లో ఒక నియమం ఉండేది. సరిదిద్దిన రాత పైకి పోతే పాతది పోతుంది, దాని కింది ప్రశ్నలూ పోతాయి, ఆ మార్కులన్నీ పోతాయి. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"పాపా, ఆరు దాటనీ. రెండు గంటలే గదా. ఆరుంబావుకు నొక్కుతా."

"ఆలోపల ఇంగెంతమంది కట్ట తెంచుతారో పెద్దమ్మా."

"మీ పాప బడి సంగతి?"

మండీలో ఎవడో ఆమెను పిలుస్తున్నాడు, చీటీ చీటీ అని. "నొక్కు పెద్దమ్మా" అని పెట్టేసింది.

నాలుగు గంటలకు ఆమె సరిదిద్దిన రాత నా స్క్రీను మీదికొచ్చింది. చదివాను. ఎప్పటిలాగే ఒక్క తప్పు లేదు. మౌసు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకు మళ్ళీ ఫోనొచ్చింది.

"ఇంగా పైకి రాలేదే?"

"కరెంటు పోయింది పాపా" అన్నాను.

నా నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఎదురుగా బెంచీ మీద కడప కుర్రాడు కూర్చుని ఉన్నాడు. లిస్టు మూసే వేళకు ఆఫీసులోనే ఉండాలని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. పొట్లంలో బొరుగులు తింటున్నవాడల్లా తల ఎత్తి ఫ్యానుకేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. ఆమె రాత ఆరింటిలోపు పైకి పోతే ఉద్యోగం వాడిదే. పక్క గదిలో మేనేజరున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు.

ఫోన్ పెట్టేశాక నేను వాడి మొహం చూడలేకపోయాను.

"పెద్దమ్మా" అన్నాడు మెల్లగా, "నేను ఈ ఆట యాడ నేర్చుకున్నానో తెలుసునా? ఆయమ్మ రాసింది చదివి. నేను రాసింది చదివితే నాకే రాదు."

"జెప్పుకుంటే జెప్పుకో పో, నాయనా. నేనేం అనను."

"ఏం జెప్పల్ల? కరెంటు పోయిందంట గదా." మిగిలిన బొరుగులు నోట్లో పోసుకుని, పొట్లం నలిపి, కిటికీలోంచి కిందికి పారేశాడు. "ఈ సెకకు ఫ్యాను గూడా లేకపాయె" అని కాలర్ ఎత్తుకుని ఊదుకున్నాడు. నేను నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

ఆరు కొట్టింది. లిస్టు మూసేశారు. ఆరూ ఐదుకు బటను నొక్కాను. నొక్కేముందు, ఆ రెండు గంటల్లో కొత్తగా వచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటీ చదివాను. ఈసారి చదివాను. పదకొండుమంది.

పది రోజులకు ఆమె ఉద్యోగంలో చేరింది. నా పక్క కుర్చీయే. మొదటిరోజు కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూసుకుంది. ఆ తర్వాత మొదటి పనిగా మేనేజరు దగ్గరికి పోయి, గింజలు పోయినవాళ్ళకు తిరిగివ్వమని అడిగింది. పైవాళ్ళు ఒప్పుకోరన్నాడు. ఆమె వచ్చి, తన ఊరు తెరుచుకుని, మూడేళ్ళుగా దాచుకున్న గాదెలన్నీ విప్పి, గింజలు పోయినవాళ్ళందరికీ పంచింది. మొదట కమలాపురం ఆయనకు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. చివరికి ఆమె గాదెలు ఊడ్చినట్టు ఉన్నాయి. ఆట రాని నాకు కూడా అది చూడగానే తెలిసింది.

ఆ రెండో రోజు, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది. "ఆ పొద్దు కరెంటు ఎంతసేపు పోయినాది పెద్దమ్మా?"

"రెండు గంటలుంటాదేమో."

"ఊఁ" అంది. ఐదేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. ఇంకెప్పుడూ అడగలేదు. కానీ తను రాసిన ప్రతిదీ, అక్షరం చూడాల్సిన పని లేనిది కూడా, నా ముందు పెట్టి "సూడు పెద్దమ్మా, ఏమన్నా వదిలిపెట్టినానా" అని అడిగేది. ఐదేళ్ళూ అడిగింది. నాకు ఆ ఉద్యోగంలో ఒళ్ళు అలిసిపోయింది దేనివల్లంటే దానివల్లే.

కడప కుర్రాడు రాయడం మానేశాడు. వాళ్ళ ఊళ్ళోనే ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. నా ఫోను పాడైతే వాడికే పంపిస్తాను. "కరెంటెట్లుంది పెద్దమ్మా?" అని అడుగుతాడు ప్రతిసారీ.

మార్కుల పద్ధతి తర్వాత మూడుసార్లు మార్చారు. ప్రశ్నలకు మార్కులు తీసేసి రాసిన పొడుగును బట్టి ఇస్తే, ఒక్క మెట్టును పది మెట్లు చేశారు. అది తీసేసి రోజూ రాసేవాళ్ళకు ఎక్కువిస్తే, రోజూ నిన్నటిదే రాశారు. మీరు చేరేనాటికి ఏం నడుస్తోందో నాకు తెలియదు. ఏది నడిచినా, దాంట్లో బొక్క ఎక్కడుందో మీకు వారంలోనే తెలిసిపోతుంది, మీరు తెలివైనవాళ్ళు. దాన్ని వాడుకోవద్దని చెప్పే మొహం నాకు లేదు. మీ కింద ఎవరూ ఏమీ అడగని రోజున మాత్రం, బాధపడే ముందు కమలాపురం ఆయనను తలుచుకోండి. గింజలు పోయేదాకా ఆయనా ఏమీ అడగలేదు, అలా కనపడకుండా చదువుకునేవాళ్ళు కొందరుంటారు.

రిటైరైన రోజున సభలో ఈ కథే చెప్పాను. కట్ట, గాదెలు, కమలాపురం ఆయన, అన్నీ చెప్పాను. కరెంటు దగ్గరికొచ్చేసరికి, పోయిందనే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ముందువరసలో కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టింది, కొంచెం ఆలస్యంగా.

"జేజీ, ఇది నిజంగా రాయాల్నా?" అంటోంది మనవరాలు చెయ్యి ఆపి. "ఆయమ్మకు తెలిసిపోతాది గదా."

రాయి. తెలియడానికే కదా. నా కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది ఆమె. సైట్లోకి ఏది పోవాలన్నా ఆమె చదివి నొక్కాల్సిందే, ఇది కూడా అంతే. ఆపుకుంటే ఆపుకోనీ. రెండు గంటలు ఆపినా, రెండేళ్ళు ఆపినా నేను ఫోన్ చేసి అడగను. మీరు ఇది చదువుతున్నారంటే ఆమె నొక్కిందన్నమాట.

పంపే టైము కింద వెయ్యి అమ్మీ. సాయంత్రం నాలుగు గంటలు. కరెంటు ఉంది.